చెట్ల దగ్గర ఆగిపోతోంది

పొద్దున్నే నమ్రత లాప్‌టాప్ మళ్ళీ బిగుసుకుపోయింది. ఎడారి ఊరు చాండ్లర్‌లో ఎండ ఇంకా ముదరలేదు గానీ, డైనింగ్ టేబుల్ దగ్గర ఆమెకు అప్పుడే చెమటలు పడుతున్నాయి. ఉద్యోగం చేసే వీల్లేని డిపెండెంట్ వీసా మీద ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాక, వర్క్ పర్మిట్ వచ్చి దొరికిన మొదటి అవకాశం ఇది. ఒక ఆసుపత్రి పెరడు త్రీడీ డిజైన్ మధ్యాహ్నంలోగా పంపితేనే ఉద్యోగం.

ఆమె భర్త దివాకర్ కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఇంజనీరు. లాప్‌టాప్ స్లో అయిందనగానే స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ పెట్టాడు. అందరూ మెచ్చిన కొత్త స్టోరేజ్ డ్రైవ్ తెప్పించి, డబ్బాకి కుంకుమ బొట్టు పెట్టి మరీ నిన్న బిగించాడు. ఊరందరినీ అడిగిన మహానుభావుడు, దాన్ని వాడుకునే మనిషిని ఒక్క మాట అడిగితే ఒట్టు.

"రెప్పపాటులో ఆన్ అవుతోంది కదా, ఇంకేంటి ప్రాబ్లమ్?" అన్నాడు కాఫీ కలుపుకుంటూ.

"ఆన్ చేయడమా నా పని? చెట్లు పెట్టగానే ఆగిపోతోందని ఎన్నిసార్లు చెప్పాను. ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశావా?"

దివాకర్ కప్పు పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె ఫైల్ తెరిచింది. గోడలు వచ్చాయి, బెంచీలు వచ్చాయి, చెట్ల దగ్గరికొచ్చేసరికి ర్యామ్ అంతా నిండిపోయి తెర కదలడం మానేసింది. ఫైళ్ళు దాచే డ్రైవ్ ఎంత వేగంగా ఉంటే ఏం లాభం, కావలసింది పని నడిపే మెమొరీ, అదే ర్యామ్. రోజూ మెమొరీ చిప్‌లు పరీక్షించే మనిషికి తల కొట్టేసినట్టయింది.

షాపుకెళ్ళే టైమ్ లేదు. తన సొంత లాప్‌టాప్ తెచ్చి వెనక మూత విప్పాడు. రెండింటికీ ఒకే రకం ర్యామ్ సరిపోతుంది. పోయినేడాది సరదాపడి రెండింతలు వేయించుకున్నాడు. దాంట్లో అతను చేసేదల్లా క్రికెట్ చూడటం. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

ఆ ర్యామ్ తీసి ఆమె లాప్‌టాప్‌లో పెట్టి, స్క్రూలు బిగించాక ఫైల్ తెరిస్తే, చెట్లతో సహా పెరడంతా ఆగకుండా తిరిగింది. దివాకర్ ముందుకు వంగి చూశాడు.

"పడమర వైపే ఇన్ని చెట్లెందుకు పెట్టావ్?"

నమ్రత చేయి మౌస్ మీదే ఉండిపోయింది. తన పని గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

"సాయంత్రం ఎండ అటునుంచే కదా. పేషెంట్లు కాసేపు బయట కూర్చోవాలంటే నీడ ఉండాలి," అంది. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకా చెప్పు," అన్నాడు దివాకర్.

"ముందు ఇది పంపనివ్వు. తర్వాత అంతా చెప్తాను," అంది కళ్ళు తుడుచుకుంటూ.

అతను కుర్చీలోంచి లేవలేదు.