తువ్వాలు కింద చెయ్యి

కామసముద్రం నుంచి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కు వచ్చే దారిలో పాత పశువుల వేలం కట్టడం ఒకటి ఉంది. చీకటి పడ్డాక ఆ పక్కకు ఎవరూ పోరు. పగలంతా మీసం తిప్పే మొనగాళ్ళు కూడా పొద్దు గూకితే చుట్టు దారి పడతారు.

చూస్తే భయపడే మాదిరి ఏమీ ఉండదు. గుండ్రటి రాతి గోడ. పైన రేకులు, ఆ రేకుల్ని మోస్తూ గనుల్లోంచి తెచ్చిన పాత పట్టాలు. గనులు జోరుగా నడిచిన కాలంలో బండి ఎద్దులకూ, దొరల పాల ఆవులకూ అక్కడే వేలం జరిగేదట. పశువును తూర్పు వాకిట్లోంచి లోపలికి తోలి, నడుమ ఒక చుట్టు తిప్పి చూపించి, కొన్నవాడి వెంట పడమటి వాకిట్లోంచి బయటికి పంపేవాళ్ళు. గనులు మూతపడ్డాయి, సంత వేరే చోటికి పోయింది, కట్టడం మిగిలింది.

అయినా రాత్రిళ్ళు అక్కడ సంత జరుగుతుందని చెప్పుకుంటారు... మాటా పలుకూ లేని సంత. లోపల కాలు పెడితే చాలు— చీకట్లోంచి ఒక చల్లని చెయ్యి వచ్చి వేళ్ళు పట్టుకుంటుందట!

క్లెమెంట్‌కు ఈ సంగతి చెప్పింది పశువుల దళారి రామకృష్ణప్ప. గని కూలీ కొడుకైన క్లెమెంట్‌కు మొదటి ఆవును కొనిపెట్టింది, సంత బేరాలు నేర్పింది కూడా ఆయనే. క్లెమెంట్ ఆయన్ని సొంత అన్నకన్నా ఎక్కువగా చూసుకునేవాడు.

ఆ ఆవు స్టెల్లా. నిండు చూడితో మేతకు పోయి, ఇంటికి రాలేదు. దాని పాల మీదే సంసారం. అది ఈనితే గానీ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగదు. భార్య ఏంజెలిన్ తిండి మానేసి ప్రార్థనలో కూర్చుంది. క్లెమెంట్ గుట్టలన్నీ, పాత గని గుంతలన్నీ తిరిగాడు. రామకృష్ణప్ప పక్కనే నడిచాడు, కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

"యాడన్నా ఎతుకు గానీ క్లెమెంటప్పా, ఆ వేలం కట్టడం తట్టు మాత్రం పోవద్దు. సూడావులంటే ఆడుండే దెయ్యానికి మహా ఇష్టం. ఆవు మాదిరే నువ్వూ పోతావు" అన్నాడు.

అన్న చెప్పాక నమ్మకుండా ఎట్లా? క్లెమెంట్ నమ్మాడు.

ఒక అమావాస్య రాత్రి కామసముద్రం పక్క వెతికి, ఒంటరిగా తిరిగి వస్తున్నాడు. చుట్టు దారి పట్టే ఓపిక కాళ్ళకు లేదు. కట్టడం దగ్గర పడగానే చూపు తిప్పుకుని గబగబా నడిచాడు.

అప్పుడు వినబడింది... ఆవు అరుపు.

పొట్టిగా, గొంతులోంచి— అచ్చం స్టెల్లా అరుపు!

దెయ్యమే ఆ గొంతుతో పిలుస్తోందా? మెడలో జపమాలను గట్టిగా పట్టుకున్నాడు. పారిపోదామనే అనుకున్నాడు. అది మళ్ళీ అరిచింది. ఇంక ఆగలేక పడమటి వాకిట్లో కాలు పెట్టాడు.

కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. పచ్చి పేడ వాసన. పైన రేకు ఒకటి గాలికి టక్... టక్... మంటోంది.

మణికట్టు మీద మెత్తగా ఏదో పడింది. బట్ట!

ఆ బట్ట కింద నుంచి— ఒక చెయ్యి, చల్లగా వచ్చి, అతని వేళ్ళు పట్టుకుంది.

అరవబోయాడు. అంతలోనే ఆ చెయ్యి అతని చూపుడు వేలు నొక్కింది... నడిమి వేలు కలిపి మళ్ళీ నొక్కింది...

అది బేరం! ధర పక్కవాడికి తెలియకుండా, సంతలో తువ్వాలు కింద వేళ్ళతో చేసే బేరం. ఆ నొక్కుడు క్లెమెంట్‌కు బాగా తెలుసు. అతనికి ఆ విద్య నేర్పిన చెయ్యే అది.

చెవి దగ్గర గుసగుస.

"నేడో రేపో ఈనుతుందప్పా. తెల్లారేలోగా తోలుకపో. ఆవు గలోడు ఇట్లా రాడులే... బయం పెట్టి పెట్టినాను. పిచ్చోడు, నేనేం చెప్పినా నమ్ముతాడు."

కొనేవాడు ఆ వాకిట్లోనే రావాల్సి ఉంది కాబోలు. చీకట్లో క్లెమెంట్‌నే వాడనుకున్నాడు రామకృష్ణప్ప.

క్లెమెంట్ గుండె పగిలింది. దెయ్యం చేతిలో చచ్చినా ఇంత నొప్పి ఉండేది కాదు. పక్కనే కట్టేసిన స్టెల్లా అతని వాసన పట్టి, గరుకు నాలుకతో భుజం నాకింది.

"అన్నా... నేను" అన్నాడు.

తువ్వాలు కింద చెయ్యి కొయ్యబారింది. ఒక్క మాట, పోనీ ఒక్క ఏడుపు వస్తుందేమోనని క్లెమెంట్ చూశాడు.

రామకృష్ణప్ప చెయ్యి వదల్లేదు. అతని చిటికెన వేలు ఏరి పట్టుకుని, నోరు మూసుకుంటే నీకింత అన్నట్టు, మెల్లగా నొక్కాడు.