బావ పొలంలో నీళ్ళు

పరుగు... పరుగు... పరుగు!

మొక్కజొన్న ఆకులు మొహాన్ని కోస్తున్నాయి. బక్కోడికి ఆ ధ్యాసే లేదు.

అప్పుడే చీకటి పడింది. వెనక ముగ్గురు మనుషులు, రెండు టార్చిలైట్లు. ఒకడి చేతిలో తుపాకీ!

"ఎక్కడికి పోతాడ్రా! ఇక్కడే ఎక్కడో నక్కి ఉంటాడు!"

బక్కోడు నేలకి కరుచుకుపోతాడు. ఊపిరి బిగబడతాడు.

రేపు పదింటికి కోర్టు. కొలతలకి వచ్చిన సర్వేయర్ని లారీతో గుద్ది చంపించాడు క్వారీ ఓనరు. పక్కనే నిలబడి మరీ! అది కళ్ళారా చూసింది బక్కోడు ఒక్కడే. రేపటిదాకా బతికితే సాక్షి. లేకపోతే శవం. అంతే!

టార్చి వెలుగు నెత్తి మీదుగా పోతుంది. అడుగుల చప్పుడు దూరమవుతుంది.

హమ్మయ్య!

ఎవరికి ఫోన్ చేయాలి? భార్య పోయి మూడేళ్ళు. పిల్లాజెల్లా లేరు. "తిన్నావా?" అని అడిగే మనిషి ఈ లోకంలో ఒక్కడే... పక్క పొలం బావ.

చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళు గట్టుకి అటొకరు ఇటొకరు బతికేసరికి ఆ పిలుపు దానంతటదే కుదిరింది. ఇద్దరికీ కలిపి ఒకటే బోరు, ఒకటే మోటారు. ఎవరి మడి నిండినా సరే, దగ్గరున్నవాడు మోటారు కట్టేయాలి. అదీ ఒప్పందం.

బావ ఫోన్... స్విచాఫ్!

అప్పుడు వినిపిస్తుంది నీళ్ళ చప్పుడు.

బావ పొలంలో మోటారు నడుస్తోంది. మడులు నిండి గట్లు పొర్లుతున్నాయి. నిన్ననే నాటిన టమాటా నారు! రాత్రంతా ఇలాగే నడిస్తే ఒక్క మొక్క మిగలదు.

"ఎక్కడ చచ్చావు బావా!" పళ్ళు బిగించి తిట్టుకుంటాడు.

వెళ్ళకూడదు. వెళ్తే చస్తాడు. ఆ సంగతి వాడికి బాగా తెలుసు!

"నీ నారు ఏమైపోతే నాకేంటి" అని గొణుక్కుంటూనే మోటారు షెడ్డు వైపు పాకుతాడు. ఖర్మ కాకపోతే మరేంటి!

షెడ్డు. స్టార్టర్ బాక్స్. ఎర్ర బటన్.

మోటారు ఆగుతుంది.

"వస్తావని చెప్పాను వాళ్ళకి."

మూలనుంచి లేచి గుమ్మంలోకి వస్తాడు... బావ!

"ఇక్కడే ఉండి మోటారు ఎందుకు కట్టేయలేదు..." బక్కోడు ఓ అడుగు వెనక్కి వేస్తాడు.

"నీళ్ళు పొర్లుతుంటే నువ్వు చూస్తూ ఊరుకోలేవు. ప్రాణం మీదికొచ్చినా సరే." బావ చేతిలో టార్చి రెండుసార్లు వెలిగి ఆరుతుంది.

దూరంగా చేలో ఇంకో టార్చి వెలుగుతుంది. అడుగులు ఇటే!

"ఎందుకు బావా?"

"ఆ లారీ తోలింది నేను." అంటాడు బావ. "పంట పోయిన దగ్గర్నుంచి క్వారీ డ్యూటీకి పోతున్నా కదా! తోలమన్నాడు... తోలాను. రేపు లాయర్ గుచ్చి గుచ్చి అడిగితే నీకు నా మొహం గుర్తొస్తుంది."

బక్కోడికి నవ్వొస్తుంది. దాని వెనకే ఏడుపు.

"గుర్తు రావడమేంటి? ఆ రోజే చూశాను! డ్రైవర్ని చూడలేదని స్టేట్‌మెంట్‌లో అబద్ధం రాయించింది ఎందుకనుకున్నావ్? నువ్వు కూడా జైలుకి పోతే నాకింకెవరున్నారు బావా!"

బావ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరుగుతాయి.

అడుగులు దగ్గరవుతున్నాయి. బావ ఒక్క కేక వేస్తే చాలు... వాళ్ళు ఆగిపోతారు!

"నా పేరు నిజంగా చెప్పలేదా?"

"నీ మీద ఒట్టు!"

"రేపు?"

"చెప్పను!"

"మరి ఎల్లుండి?"

బక్కోడు నోరు తెరుస్తాడు. బావ వాడి భుజం మీద చెయ్యి వేస్తాడు, ఇరవై ఏళ్ళుగా వేస్తున్నట్టే.

తర్వాత ఆ చెయ్యి తీసేసి, గుమ్మానికి అడ్డం లేకుండా ఓ అడుగు పక్కకి జరుగుతాడు.

ఢాం!