నూటిరవై బై ఎనభై

ఆ ఆస్పత్రిలో ఎవరి బీపీ చూసినా నూటిరవై బై ఎనభై అని రాసే మహానుభావుడొకడున్నాడు. దగ్గుతో వచ్చిన ముసలాయనకీ అంతే, కళ్ళు తిరిగి పడిపోయిన ఆవిడకీ అంతే. ఇంత ఆరోగ్యవంతులకు ఆస్పత్రెందుకని పైవాళ్ళకు అనుమానం వచ్చి, సిబ్బందికి బీపీ చూడటం నేర్పమని ఒకమ్మాయిని పంపారు.

మొదటిరోజే ఆ అమ్మాయి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

"నూటిరవై బై ఎనభై గారూ, కాలు మీద కాలు తియ్యండి. వీపు ఆనించండి. చొక్కా చెయ్యి పైకి తియ్యండి."

"పెళ్ళిచూపులకి కూడా ఇన్ని చెప్పరండీ."

"మాట్లాడితే బీపీ పెరుగుతుంది. ఐదు నిమిషాలు నోరు కట్టెయ్యండి."

నోటికి పని లేకపోయేసరికి అతను ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. అదే కొంప ముంచింది.

"నూట యాభై!" అని క్లాసుకి చూపించిందామె. "తెల్లకోటు చూస్తే కొందరికిలా కంగారుతో పెరుగుతుంది. నాకైతే ఎప్పుడూ నూటపదే."

"గుండె ఉన్నవాళ్ళకే పెరుగుతుంది లెండి."

క్లాసు పగలబడి నవ్వింది. ఆమె మాత్రం నవ్వకుండా స్టెతస్కోపు అతని చెవుల్లో పెట్టింది. "మొదటి చప్పుడు ఎక్కడ వినిపిస్తే అదే పై అంకె. మీకిష్టమైన అంకె కాదు."

వారం తిరిగేసరికి అతనికి ఆ అమ్మాయంటే పిచ్చి ప్రేమ. ఆ సంగతి క్లాసంతటికీ తెలుసు. ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

చివరిరోజు పరీక్ష. తప్పితే వార్డులోంచి తీసి స్టోర్ రూములో దూది పక్కన కూర్చోబెడతారు. పరీక్ష పెట్టేది పెద్ద డాక్టరమ్మ, స్వయానా ఆ అమ్మాయికి పిన్ని. ఇద్దరు ఒకేసారి వినే జంట స్టెతస్కోపు తెచ్చి, ఒక జత తను పెట్టుకుని రెండోది అతనికిచ్చింది. పేషెంటుగా ఆ అమ్మాయే కోటులోంచి ఒక చెయ్యి బయటికి తీసి కూర్చుంది.

ఇంకేం, నూటపది అనేస్తే పాస్. కానీ చప్పుడు నూట నలభై నాలుగు దగ్గరే మొదలైంది! అదే చెబితే క్లాసులో టీచరు మాట పోతుంది. ఒకవేళ తనే తప్పు విన్నాడంటే ఉద్యోగమే దూదిపాలవుతుంది.

"నూట నలభై నాలుగు, మేడమ్."

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "సరిగ్గా విన్నారా?"

"విన్నదే చెప్పాను, నాకిష్టమైన అంకె కాదు. మీరు మాట్లాడకండి, పెరుగుతుంది."

పెద్ద డాక్టరమ్మ స్టెతస్కోపు తీసేసింది. "నాకూ అక్కడే వినిపించింది. పాస్. ఏమే, నీది ఎప్పుడూ నూటపదేగా?"

"అదీ... తెల్లకోటు చూసి, పిన్నీ."

పిన్ని గదంతా ఓసారి కలియజూసింది. "నేను చీరలో ఉన్నాను. ఇతగాడిది నీలం చొక్కా. ఈ గదిలో ఉన్న ఒక్క తెల్లకోటూ నీ ఒంటిమీదే ఉంది కదే!"

ఆ అమ్మాయి తల దించుకుంది. దించుకున్నా ముఖంలో నవ్వు దాగలేదు.

"మీ అమ్మతో నేను మాట్లాడతాలే. మీరిద్దరూ ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చుని, మళ్ళీ చూసి చెప్పండి," అంటూ పిన్ని క్లాసుని బయటికి తోలింది.

ఇద్దరూ బుద్ధిగా కూర్చున్నారు. కాలు మీద కాలు వెయ్యలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు.

అయినా చూస్తే ఇద్దరికీ నూట యాభై.