రెండో స్క్రూ

కాగితంలో చుట్టి తెచ్చిన స్క్రూను శ్రీశైలం టేబుల్ మీద పెట్టగానే డాక్టర్ హైమకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందుపన్ను ఊడిన చోట మూడు నెలల క్రితం తను బిగించిందే అది. కొత్తగూడెంలో క్లినిక్ తెరిచాక ఆమె వేసిన మొదటి ఇంప్లాంట్.

"జావ తాగుతుంటే ఊడొచ్చింది మేడం," అన్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. పన్ను పోయినప్పటి నుంచి అతనికదే అలవాటు.

"షుగర్ లేదన్నరు. బీడీ, సిగరెట్?"

"ముట్టను మేడం. బొగ్గుబాయిలకు అగ్గిపెట్టె కూడా తీసుకపోనియ్యరు."

మరి ఎముక ఎందుకు పట్టలేదు? హైమ విసురుగా లైటు వేసి అతని పై పెదవి ఎత్తింది. లోపల చర్మం తెల్లగా ముడతలు పడి ఉంది.

"ఇదేంది?"

"తంబాకు. బాయిల అందరం గిట్లనే పెట్టుకుంటం. పొగ కాదు గద మేడం!"

హైమ నెత్తి కొట్టుకుంది. "పొగ లేకున్నా అదీ పొగాకే గద! అది పెడితే చిగుళ్లకు రక్తం సరిగ్గ అందదు. ఇగ దవడ బొక్క స్క్రూను ఎట్ల పట్టుకుంటది? అక్కడ ఇంకొక్కసారికే బొక్క మిగిలింది. అదీ పోతే నేనేం చెయ్యలేను!"

పుండు మానాక రెండో స్క్రూ వేసింది. ఆ తర్వాత రమ్మనకపోయినా ప్రతి గురువారం డ్యూటీ దిగి, వానలో తడుస్తూ వచ్చేవాడు. "చూడండి మేడం, తంబాకు లేదు," అని పెదవి ఎత్తి చూపేవాడు. ఇదేం పీడ అని ఆమె విసుక్కునేది.

ఒక గురువారం అతను రాలేదు. కిటికీలోంచి ఆరుసార్లు తొంగిచూసిన హైమకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"నిన్న ఎటు పోయినవ్?" అని మర్నాడు అరిచింది. 'మీరు' ఎప్పుడు ఎగిరిపోయిందో ఆమెకే తెలియదు.

"డబల్ డ్యూటీ పడ్డది. నిద్ర ఆగుతలేదంటే పక్కనోడు తంబాకు ఇచ్చిండు. పన్ను ఒక్కదాని కోసమైతే పెట్టుకుందును మేడం. కానీ మీకు ముఖం చూపియ్యాలె గద."

హైమ గ్లౌజులు వెతుక్కుంది. అవి ఆమె చేతులకే ఉన్నాయి.

నాలుగో నెల ఎక్స్‌రేలో ఎముక స్క్రూను గట్టిగా పట్టేసింది. కొద్దిరోజులకు పన్ను తొడిగి, "ఇగ రావాల్సిన పని లేదు," అంది.

"అసలుకే రావద్దా?" అలవాటుగా అతని చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది.

హైమ దాన్ని లాగి పడేసింది. "ఇందుకేనా ఇన్ని నెలలు నా ప్రాణం తీసింది? ఆదివారం తల్లాడల మా ఇంటికి వచ్చి మా నాన్నను అడుగు. ఆ చెయ్యి అడ్డం పెట్టకుండ అడుగు!"

శ్రీశైలం నవ్వాడు. ఆ నవ్వును మొదటిసారి పూర్తిగా చూసిన హైమ, తన నవ్వుకు తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది.