గోటి చప్పుడు

ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చున్న మనిషిని పట్టపగలు, టీ కప్పు చేతిలో ఉండగానే కాల్చేశారు. మర్నాడు డైరెక్టర్ ఆ కుర్చీనే చూపించి, "ఇవాళ్టి నుంచి నీదే," అన్నాడు.

ఆ కుర్చీ దక్కిన మనిషిని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో పిల్లి అనేవాళ్లు. అడుగు పడితే అలికిడి ఉండదని ఆ పేరు. బ్రీఫింగ్ అయిదు నిమిషాల్లో ముగిసింది. లైన్‌మన్ వేషంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ వెనక గదిలో ఉండాలి. అక్కణ్ణించి నది మీది రైలు వంతెన దాకా వీధి కింద ఆప్టికల్ ఫైబర్ ఒకటి పాతి ఉంది. ఒక కొసన లేజర్ కొడితే, వెంట్రుకంత గాజుతీగలోంచి వెలుగు పిసరు పిసరుగా వెనక్కి వస్తుంది. పైన ఎవరు నడిచినా నేల అదురుతుంది, తీగ అదురుతుంది, ఆ వెలుగు తేడా కొడుతుంది. ఎన్నో మీటరు దగ్గర అలికిడి అయిందో స్క్రీన్ మీద గీత పడుతుంది. అలాంటి స్క్రీన్ హెడ్‌క్వార్టర్స్‌లోనూ ఒకటుంది.

నాలుగు నెలల్లో పొరుగు దేశం ప్రతినిధులు శాంతి ఒప్పందానికి రైల్లో వస్తున్నారు. వాళ్లని చంపడానికి ఒక విదేశీ ముఠా అప్పుడే ఊళ్లో దిగింది. రేడియో చేతిలో లేకపోతే ప్రమాద సంకేతంగా తట్టాల్సిన లెక్క: మూడు, ఒకటి, మూడు.

నెల తిరిగేసరికి పిల్లికి ఆ వీధి మొత్తం కాళ్లతో సహా కంఠతా వచ్చేసింది. కుంటుతూ పాల డబ్బాలు మోసే మనిషి, బడికి వెళ్లనని మొరాయించే పిల్లను లాక్కెళ్లే తల్లి, మూల దాకా కలిసి నడిచి అక్కడ విడిపోయే ఇద్దరు ముసలి స్నేహితులు. వాళ్లలో ఒక్కరికీ అతను తెలియదు. అతనితో మాట్లాడేది ఇద్దరే. ఒకరు హెడ్‌క్వార్టర్స్ ఆపరేటర్, అందరూ పిన్నిగారని పిలిచే పెద్దావిడ. ఆవిడ ముఖం అతనెప్పుడూ చూడలేదు. ఉదయం తొమ్మిదికి ఫోన్ చేసి, లైన్ బాగుందా అని అడిగి, పెట్టేసేది.

రెండో మనిషి మెరుపు. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. పేరుకు తగ్గ మనిషి. మంగళవారం మంగళవారం వచ్చి, టీ తాగి, రిపోర్టు చెప్పి వెళ్లేది. ఆమె సెంటు వాసన సాయంత్రం దాకా గదిలో ఉండేది. ఆ రోజుల్లో అతను కిటికీ తీసేవాడు కాదు.

ప్రతినిధులు వచ్చే రోజు ఉదయం పదింటికి ఆమె పరుగున వచ్చింది. బాంబు కాన్ఫరెన్స్ హాల్లో ఉందని చెప్పింది. పిల్లి ఆ కబురు అందించగానే డైరెక్టర్ ఉన్న మనుషులందరినీ హాలుకు తోలాడు. ఆమె కూడా అటే వెళ్తున్నానని బయల్దేరింది. అలవాటు కొద్దీ పిల్లి స్క్రీన్ మీద ఆమె అడుగుల్ని సాగనంపుతూ కూర్చున్నాడు. ఎడమ కాలు కుడికాలి కన్నా రవ్వంత ఆలస్యంగా పడుతుంది. ఆ అడుగులు హాలు వైపు తిరగలేదు. వంతెన వైపు సాగాయి.

అప్పుడే హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ చేయాల్సింది. చేయలేదు. ముందు తనే అడుగుదామనుకున్నాడు.

అతను వెళ్లేసరికి వంతెన కింద కేబుల్ గదిలో ఆమె పిస్తోలుతో సిద్ధంగా ఉంది.

"వస్తావని తెలుసు. ఎవరికీ చెప్పకుండా వస్తావనీ తెలుసు," అంది.

రేడియో లాక్కుంది. అతని కుడిచేతిని ఇనుప గొట్టానికి బేడీతో బిగించింది. మూలన ఒక పెట్టె, దాని ముఖాన డయల్, డయల్‌లో వణికే ముల్లు.

"ట్రైను అదురు తగిలిందంటే పేలుతుంది. నువ్వు గింజుకున్నా పేలుతుంది. ఊపిరి కూడా చూసి పీల్చుకో."

"మంగళవారాలు కూడా అబద్ధమేనా?"

గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. "టీ మాత్రం బాగుండేది," అని వెళ్లిపోయింది.

ట్రైనుకు ఇంకా తొమ్మిది నిమిషాలుంది. అరిస్తే వినేవాళ్లు లేరు. గొట్టం మీద కొడితే ముల్లు ఎగురుతుంది. ఎడమ చేతికి అందేంత దూరంలో, గోడ వెంట నల్లటి కేబుల్ పోతోంది. తన ఫైబరే. పెట్టెకు వినపడని చప్పుడు దానికి వినపడుతుంది.

గోటితో గీకాడు. మూడు. ఒకటి. మూడు. ముల్లు కదల్లేదు. మళ్లీ గీకాడు. అందరూ హాల్లో ఉన్నారు, చూసే దిక్కులేని స్క్రీన్ మీద గీతలు గీస్తున్నానేమో అనిపించింది. నాలుగు నెలలుగా చేసిందీ అదేగా అని కూడా అనిపించింది. గోరు విరిగింది. పక్క వేలితో గీకాడు.

పట్టాల మీద సన్నగా మోత మొదలైంది. గొట్టంలోంచి అతని మణికట్టుకు పాకింది. ముల్లు లేచింది, ఎర్రగీత వైపు జరిగింది. పిల్లి కళ్లు మూసుకోలేదు. ఇంక వెంట్రుకవాసి ఉందనగా దూరంగా బ్రేకులు కీచుమన్నాయి. ముల్లు వణికి, వణికి, వెనక్కి వాలింది.

బాంబు స్క్వాడ్ వాళ్లు వైర్లు కత్తిరించి, బేడీ విప్పాక, వాళ్ల వెనక నుంచి గొడుగు ఊతంగా ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. నోరు తెరవగానే గొంతు గుర్తుపట్టాడు. పిన్నిగారు.

హాలుకు రమ్మని ఆవిడకు ఎవరూ చెప్పలేదట. అందుకని స్క్రీన్ ముందే కూర్చుందట.

"ముందు ఎలుక అనుకున్నాను బాబూ. కానీ ఎలుకకి లెక్కలు రావు కదా."

వెంటనే సిగ్నల్ క్యాబిన్‌కు ఫోన్ చేసి ట్రైను ఆపించిందట. ఆ వెంటనే వంతెన నుంచి వెనక్కి వస్తున్న మెరుపు అడుగుల్ని స్క్రీన్ మీద పట్టుకుందట. ఆమె చెప్పులు విడిచి నడిచినా ఎడమ కాలి ఆలస్యం పోలేదు. బస్టాండు దగ్గర పోలీసులు ఎదురెళ్లారు.

ఇద్దరూ మెట్లెక్కి వీధిలోకి వచ్చారు. ఎండ చుర్రుమంటోంది.

"రోజూ సాయంత్రం వంతెన దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్తుంటారు. ఎవరికోసమా అనుకునేదాన్ని," అందావిడ.

"ఎవరూ లేరండి."

"తెలుసు. పక్కన ఇంకో అడుగు ఎప్పుడూ పడలేదుగా."

ఆవిడ మోకాళ్ల నొప్పుల మనిషి, నెమ్మదిగా నడుస్తుంది. అతనూ నడక తగ్గించుకున్నాడు.

మర్నాడు డైరెక్టర్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ప్రభుత్వ కేబుల్ తొడుగును గీకి పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని. పిల్లి కట్టు కట్టిన వేళ్లతో కలం పట్టుకుని, కారణం అన్నచోట ఒక్క ముక్క రాసి పంపాడు:

దురద.