పక్కకు పోయిన కన్నం

“ఇటు చూడమ్మా. ఈ అల్యూమినియం పట్టీ మీద తమ్ముడు కొట్టిన గుంట గీతలు కలిసే చోటే పడింది,” అన్నాడు నాన్న.

అక్క తలెత్తలేదు. పొద్దుటి నుంచీ ఇదే వరస. వాడు స్కేలు పట్టుకుంటే మెచ్చుకోలు, సుత్తి పట్టుకుంటే మెచ్చుకోలు. వాడికి తొమ్మిదేళ్లు, తనకు పదకొండు. తన చేతిలోనూ ఒక పట్టీ ఉందని నాన్నకు కనబడదా?

పోయిన వారం తాతయ్య మెట్ల మీద జారి పడ్డాడు. అందుకే ఇంటి వెనక షెడ్డులో నాన్న ఇనప కడ్డీ తయారు చేస్తున్నాడు, పట్టుకుని ఎక్కడానికి. దాన్ని గోడకు బిగించే రెండు అల్యూమినియం పట్టీలకు కన్నాలు వేయడం పిల్లల పని.

“ప్రతి కన్నానికీ ఇలాగే ముందు ఈ మొనదేలిన సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి. డ్రిల్ మొన అందులో కూర్చుంటుంది. లేకపోతే జారిపోతుంది,” అని చెప్పి నాన్న మెట్ల దగ్గరికి వెళ్లాడు.

మూడు కన్నాలు అలాగే వేసింది అక్క. నాలుగోదానికి పంచ్ తమ్ముడి దగ్గరుంది.

‘వీణ్ని అడగాలా?’ ఒళ్లు మండింది. గుంట లేకుండానే మొన ఆనించి చేతి డ్రిల్ తిప్పింది. మొన సర్రున జారి, గీత దాటి పక్కన దిగింది.

తమ్ముడు నీళ్లు తాగడానికి వెళ్లాడు. పట్టీల మీద పేర్లు రాసిన టేపు ముక్కలున్నాయి. అక్క వాటిని గబగబా మార్చేసింది.

కాసేపటికి గోడ దగ్గర ఒక బోల్టు దిగనని మొరాయించింది. నాన్న టేపు చూశాడు.

“నీదేరా. తొందరపడ్డావా?”

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. అక్క ఎదురుచూసింది ఈ మాట కోసమే. కానీ సంతోషం రాలేదు.

“సరిగ్గానే కొట్టాననుకున్నా నాన్నా. ఇది ఊడిపోతే తాతయ్య మళ్లీ పడిపోతాడా, నా వల్ల?” వాడు ఆ బోల్టు వంకే చూస్తూ అడిగాడు.

అక్క గోడ దగ్గరికి వచ్చింది.

“అది నాది,” అంది. “టేపులు నేనే మార్చాను.”

నాన్న ఆ పట్టీని విప్పి పక్కన పెట్టాడు. తర్వాత కొత్త పట్టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

అక్క తమ్ముడి పక్కన కూర్చుంది. “నా చేతిలో పంచ్ ప్రతిసారీ కొంచెం ఒరుగుతుంది. నువ్వెలా పడతావు?”

వాడు ముక్కు ఎగబీల్చాడు. “ముందు కాస్త వంచి మొనను గీతల మీద పెట్టు. ఇప్పుడు నిటారుగా లేపు. కొట్టేటప్పుడు సుత్తిని కాదు, మొనను చూడు. నాన్నను చూస్తే వేలు పోతుంది.”

అక్కకు నవ్వొచ్చింది. టక్. గుంట సరిగ్గా పడింది.

సాయంత్రం తాతయ్య కడ్డీ పట్టుకుని మెల్లగా మెట్లెక్కాడు. పైకి వెళ్లాక రెండు చేతులతో ఊపి చూశాడు. కదల్లేదు.

“ఈ పై పట్టీ నీదేనటగా తల్లీ. భలే చేశావే,” అన్నాడు.

“కన్నాలు నేనే వేశాను తాతయ్యా,” అంది అక్క. తమ్ముణ్ని ముందుకు లాగింది. “ఎలా వేయాలో వీడు నేర్పాడు.”