అన్నీ పచ్చగానే ఉన్నాయి

"మీ కోడ్‌లోంచి ఒక లైను తీసేశాను. ఇప్పుడు టెస్టులు నడపండి," అంది ఆ అమ్మాయి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటూ.

కంగారుకి గుండె జారిపోయింది. అతనికి అసలు పేరు వేరే ఉంది. కానీ మెయిల్ పంపి, అందిందో లేదో కనుక్కోవడానికి మనిషి సీటు దాకా పరుగెత్తే రకం కాబట్టి, ఆఫీసంతా అతన్ని కంగారు అనే పిలుస్తుంది. ఆ అమ్మాయి కోడ్‌లో తప్పులు పట్టడానికి కొత్తగా చేరిన టెస్టర్. చేరిన వారంలోనే అందరికీ టెస్టరమ్మ అయిపోయింది.

"ఏ లైను తీశారండీ?"

"ఒకే టైముకి ఇద్దరు పిల్లలకి అపాయింట్‌మెంట్ ఇవ్వకుండా ఆపే లైను."

"అయ్యో, ప్రాజెక్టుకి గుండెకాయే అదండీ!"

"నడపండి మరి."

నడిపాడు. తెర మీద టిక్కులన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. ఆ లైను లేనప్పుడు ఎర్రబడి తప్పు పట్టుకోవాలి. ఒక్కటంటే ఒక్కటి కూడా ఎర్రబడలేదు.

ఆమె అతని టెస్టులు తెరిచింది. వాక్యాలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. 'ఒక పాపకి పొద్దున్నే అపాయింట్‌మెంట్ ఉన్నప్పుడు, అదే టైముకి ఇంకొకరు అడిగితే, కుదరదని చెప్పాలి.' ఇలాంటి ప్రతి వాక్యం వెనకా దాన్ని నిజంగా చేసి చూసే కోడ్ ఉండాలి. అక్కడేమీ లేదు. చేసి చూసేదే లేకపోతే టిక్కు ఎప్పుడూ పచ్చగానే పడుతుంది. తర్వాత రాద్దామని ఖాళీగా వదిలేసి, పచ్చ టిక్కులు చూసి మురిసిపోయి, మరిచిపోయాడు మహానుభావుడు.

"టెస్టు రాశాక ముందు అది ఫెయిలవడం చూడాలి. కోడ్ ఆ తర్వాతే. ఎర్రబడటం చూడని టెస్టుని నేను నమ్మను," అంది.

"ఎరుపు చూస్తే నాకు భయమండీ."

"తెలుస్తూనే ఉంది." నవ్వు దాచుకోబోయింది గానీ సరిగ్గా దాగలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ ఒక పిల్లల ఆసుపత్రి కోసం. అక్కడ హెడ్ నర్సు స్వయానా కంగారు వదిన. ఇకమీదట కోడ్ ముట్టుకోకముందే ముగ్గురూ ఆసుపత్రిలో ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఏ సందర్భంలో ఏం జరగాలో మామూలు మాటల్లో తేల్చుకోవాలని టెస్టరమ్మ పట్టుబట్టింది.

"ఒళ్లు కాలిపోతున్న పిల్లాణ్ణి ఎత్తుకుని తల్లి పరుగెత్తుకొచ్చిందనుకోండి. అపాయింట్‌మెంట్ లేదు. అప్పుడు మీ కంప్యూటర్ కుదరదంటే నేనూరుకోను," అనేది వదిన.

"మరి ఎవర్ని ఆపుతారు?" అని అడిగేది టెస్టరమ్మ.

"టీకాకి వచ్చినవాళ్లని కాసేపు కూర్చోబెడతాం."

ఆ మాటలే వాక్యాలయ్యేవి. వాక్యాలే టెస్టులయ్యేవి. తెర ఎర్రబడినప్పుడల్లా కంగారు చెమటలు తుడుచుకునేవాడు. "ఎర్రబడనివ్వండి, ఏం కాదు," అనేది ఆమె పక్కనుంచి. కొన్నాళ్లకి అతను టిక్కుల కోసం కాక, ఆ మాట కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

ఒకరోజు టెస్టరమ్మ ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్లగానే వదిన పట్టేసింది.

"ఏమయ్యా మరిదీ, సంగతేంటి?"

"అంతా బాగానే ఉంది వదినా. నాకు టీ తెస్తుంది. నా జోకులకి నవ్వుతుంది. వానొస్తే గొడుగులో చోటిస్తుంది."

"అడిగావా?"

"అడగడమెందుకు? అన్నీ పచ్చగానే ఉన్నాయిగా!"

వదిన థర్మామీటర్ చూసినట్టు అతని మొహంలోకి చూసి, ఇక లాభం లేదన్నట్టు తలూపింది.

ఆ తర్వాత వారమే పిడుగు పడింది. వేరే ఊళ్లో కొత్త ఆఫీసు తెరుస్తున్నారట. అక్కడి టెస్టింగ్ టీమ్‌కి టెస్టరమ్మని లీడ్‌గా రమ్మన్నారట. సాయంత్రంలోగా జవాబు చెప్పాలట.

కంగారు సీట్లో కూలబడ్డాడు. ఆమె టీ తెచ్చేది అందరికీ. నవ్వేది అందరి జోకులకీ. ఆ గొడుగులో ముగ్గురు పడతారు. తను లెక్కేసుకున్న ఒక్కో దాని వెనకా చూస్తే ఏమీ లేదు. నిజంగా ఒక్కసారైనా అడిగితే కదా! అడిగితే కాదంటుందేమో. కాదంటే ఈ కాసిన్ని మాటలూ పోతాయి. అడగకపోతే మనిషే వెళ్లిపోతుంది. లేచి పరుగెత్తాడు.

ఆమె పై అంతస్తు మెట్ల దగ్గర, ఫోన్ చేతిలో పట్టుకుని వాన చూస్తోంది. జల్లు లోపలికి కొడుతున్నా జరగలేదు.

"అదీ... మెట్లు తడిగా ఉన్నాయండీ. జాగ్రత్త," అన్నాడు రొప్పుతూ.

"ఇది చెప్పడానికి పరుగెత్తుకొచ్చారా?"

"కాదు. మీరంటే నాకు ఇష్టం. మీకు నేనంటే ఇష్టమని ఇన్నాళ్లూ నాకు నేనే అనుకున్నాను. నిజానికి నాకేం తెలీదు. ఇష్టం లేకపోతే లేదనండి. చచ్చేంత భయంగా ఉంది. అయినా వినే వెళ్తాను."

ఆమె ఫోన్ వైపు చూసుకుంది. "నేను ఆ ఊరు వెళ్తున్నాను. ఇప్పుడే ఒప్పుకున్నాను."

అతని చెవుల్లో హోరు మొదలైంది. అది వాన హోరు కాదు. "మంచిదండీ. ఆ పని మీకన్నా బాగా ఎవరు చేస్తారు?" అన్నాడు. పారిపోవాలనిపించింది. కానీ అక్కడే నిలబడ్డాడు.

"ఉండిపొమ్మంటావేమోనని భయపడ్డాను," అంది ఆమె. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. "ఆ టీమ్ నాకు కావాలి. నువ్వు వద్దంటే నీ మీద మనసు విరిగిపోయేది. అందుకే నువ్వు రాకముందే ఒప్పేసుకుని, ఇక్కడికొచ్చి వణుకుతూ నిలబడ్డాను."

"నేనెందుకు వద్దంటానండీ?"

"అనలేదుగా." ఆమె కళ్లు తడిశాయి. "నాకూ నువ్వంటే ఇష్టమే. బోలెడంత."

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు కంగారు.

"మీ వదినకి ఫోన్ చెయ్యి."

అతను తొందరలో వేరెవరికో కలిపాడు. ఆమే ఫోన్ లాక్కుని వదినకి కలిపింది.

"అక్కా!" అంది, ఇన్నాళ్లూ మేడం అని పిలిచిన మనిషిని. "మీ మరిది అడిగాడు. నేను సరేనన్నాను. పెళ్లి సంగతి మా అమ్మతో మీరే మాట్లాడాలి."

అవతల వదిన వేసిన కేక వానలో కూడా స్పష్టంగా వినిపించింది. కంగారు తడి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది.